బండి కింద పెట్టిన డబ్బు

(పాలిటెక్నిక్ ఆటోమొబైల్ విభాగం విద్యార్థుల ముందు ఒక మెకానిక్ చేసిన ప్రసంగం)

ప్రిన్సిపాల్‌గారికి, మాస్టార్లకు నమస్కారం. పిల్లలూ, మీకూ నమస్కారం.

వాహన రంగంలో ఉద్యోగావకాశాల గురించి మాట్లాడమని పిలిచారు. ఆ సంగతి మీ మాస్టార్లు నాకంటే బాగా చెబుతారు. విజయవాడ జవహర్ ఆటోనగర్‌లో 27 ఏళ్లుగా కార్ల పని చేస్తున్నాను. నా షెడ్డుకు నెలకోసారైనా వచ్చే ఒక ప్రశ్న ఉంది, దాని గురించి మాట్లాడతాను. 18, 19 ఏళ్ల కుర్రాడు సెకండ్‌హ్యాండ్ కారేసుకుని వస్తాడు. కాస్త డబ్బు దాచుకుని ఉంటాడు. "మేస్త్రిగారూ, దీన్ని మోడిఫై చేయిద్దామా, అమ్మేసి ఇంకోటి తీసుకుందామా?" అంటాడు.

అక్కడికి వెళ్లేముందు ఒక మాట. మీలో చాలామందికి ఇంకా 18 నిండలేదని మొహాలు చూస్తేనే తెలుస్తోంది. మీరు తాళం ముట్టుకోవద్దు. 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించి 199ఎ అనే సెక్షన్ చేర్చారు. మైనరు బండి నడిపి నేరం చేస్తే నాన్నకో, బండి యజమానికో మూడేళ్ల దాకా జైలు, 25 వేల జరిమానా. బండి రిజిస్ట్రేషన్ ఏడాదిపాటు రద్దు. ఆ పిల్లాడికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్సు రాదు. ఆటోమొబైల్ డిప్లొమా చేసినవాడికి 25 దాకా లైసెన్సు లేకపోతే ఏ షోరూమువాడు పనిస్తాడో మీరే చెప్పండి. బండి రిపేరు చేశాక ట్రయల్ కొట్టాలి కదా.

ఇక నేను చెప్పబోయే కుర్రాడికి 19. పేరు చెప్పను. గొల్లపూడి దగ్గర వాళ్ల నాన్నకు కిరాణా కొట్టుంది. 2012 స్విఫ్ట్, పెట్రోలు, ఎల్‌ఎక్స్‌ఐ, అంటే అన్నిటికన్నా కింది రకం. వారానికోసారి నాయనమ్మను గుంటూరు ఆస్పత్రికి తీసుకెళ్లాలని కొన్నారు. కుర్రాడు సాయంత్రాలు సెల్‌ఫోన్ల షాపులో పనిచేసి 40 వేలు కూడబెట్టాడు. 40 వేలు! ఆ వయసులో నా చేతిలో 400 కూడా నిలిచేవి కాదు. ఒక కాగితం మీద రాసుకొచ్చాడు: అలాయ్ వీల్స్, చప్పుడొచ్చే సైలెన్సరు, బండి కిందికి దించడం, డిక్కీలో పెద్ద స్పీకరు, అద్దాలకు నల్ల ఫిల్ము.

నేను కాగితం పక్కన పెట్టి, "ముందు బండిని పైకెత్తుదాం నాన్నా" అన్నాను.

జాకీ ఎత్తి, స్టాండ్లు పెట్టి, ముందు చక్రాన్ని పైనొక చెయ్యి కిందొక చెయ్యి వేసి ఊపమన్నాను. ఊపాడు. టక్‌మంది. లోపల చక్రాన్ని బండికి కలిపే లోయరు ఆర్ముకు ఉండే రబ్బరు బుష్షు పగిలి ఉంది. షాకబ్జర్ చూపించాను. ఆయిలు కారి, దానికి దుమ్ము పట్టి, ముట్టుకుంటే మట్టిముద్దలా ఉంది. బ్రేకు ఆయిలు డబ్బా మూత తీశాను. కొత్త ఆయిలు లేత పసుపుగా ఉంటుంది, ఇది కాఫీ డికాషన్ రంగులో ఉంది. బ్రేకు ఆయిలు గాలిలో తేమను పీల్చుకుంటుంది. తేమ చేరినకొద్దీ తక్కువ వేడికే మరుగుతుంది. తిరుమల ఘాట్‌లో దిగుతూ బ్రేకు మీద కాలు పెట్టి పెట్టి వస్తారు చూడండి, అప్పుడు చక్రం దగ్గర ఆయిలు మరిగి ఆవిరి బుడగలు పుడతాయి. ఆయిల్ని నొక్కితే కుదించుకోదు, ఆవిరి కుదించుకుంటుంది. అందుకే పెడల్ మెత్తగా కిందికి పోతుంది, బండి ఆగదు. రెండేళ్లకోసారి ఆ ఆయిలు మార్చమని కంపెనీలు చెప్పేది అందుకే. దానికయ్యేది 500 రూపాయలు.

తర్వాత టైర్లు. "టైర్లు బాగున్నాయి మేస్త్రిగారూ, గ్రిప్పు ఇంకా చాలా ఉంది" అన్నాడు. నిజమే, గాట్లు లోతుగానే ఉన్నాయి. సైడ్‌వాల్ మీద కోడిగుడ్డు ఆకారంలో ఒక గడి ఉంటుంది, అందులో నాలుగు అంకెలుంటాయి. చదవమన్నాను. 0914. మొదటి రెండు అంకెలు వారం, తర్వాతి రెండూ సంవత్సరం. 2014లో తొమ్మిదో వారం. పదేళ్లు దాటిన టైరది. ఎక్కువకాలం ఎండలో నిలబడ్డ బండి కాబట్టి గాట్లు అరగలేదు, రబ్బరు మాత్రం చచ్చిపోయింది. గోరు గుచ్చి చూడమంటే దిగలేదు. గాట్ల అడుగున సన్నటి బీటలు. కారు మొత్తం రోడ్డును తాకేది నాలుగు అరచేతులంత చోటులోనే. ఆ నాలుగు అరచేతులూ చెక్కలైపోతే వాన పడ్డ రోడ్డు మీద ఏ బ్రేకూ పనిచేయదు.

కుర్రాడు చాలాసేపు మాట్లాడలేదు. నాయనమ్మ గుర్తొచ్చి ఉంటుంది.

ఇద్దరం కూర్చుని లెక్క వేశాం. కంపెనీ సైజు 165/80 ఆర్14 టైర్లు నాలుగు, ఒక్కోటి 4,500 చొప్పున 18 వేలు. ముందు షాకబ్జర్లు జత ఆరు వేలు. బ్రేకు ప్యాడ్లు 1,600. వెనక డ్రమ్ములకు లైనర్లు 1,200. ఆయిలు 500, బుష్షులు 1,500, అలైన్‌మెంటూ బ్యాలెన్సింగూ కలిపి 1,200, మా కూలి మూడు వేలు. మొత్తం 33 వేలు. ఇవి మా షెడ్డు రేట్లు. మీ ఊళ్లో కొంచెం అటూ ఇటూ ఉండొచ్చు.

"ఇంత పెట్టినా బయటికి ఒక్కటీ కనబడదు కదా" అన్నాడు. ఆ బాధ నాకు తెలుసు. కాలేజీ ముందు బండి ఆపితే స్నేహితులు బుష్షులు చూడరు. కానీ బండి దించి బెంజి సర్కిల్ దాకా తోలుకొచ్చి, వాడే అన్నాడు, "మేస్త్రిగారూ, ఇది నా బండేనా?" అని. స్టీరింగు వదులు పోయింది, గుంటల్లో దడదడ పోయింది, బ్రేకు వేస్తే తిన్నగా ఆగుతోంది. కంపెనీలో పుట్టినప్పుడు ఎలా ఉందో అలా తిరిగొచ్చింది. పాత బండికి ఇంతకు మించిన మోడిఫికేషన్ నేను చూడలేదు.

ఇంకా ఏడు వేలు మిగిలాయి. దాంట్లో ఏం చేశామో చెబుతాను గానీ, ముందు నా తప్పొకటి చెప్పాలి.

పని నేర్చుకున్న కొత్తలో ఒకాయన కారుకు హెడ్‌లైట్ల వెలుగు చాలట్లేదంటే 100 వాట్ల బల్బులు వేసి పంపాను. వైరింగు ముట్టుకోలేదు, స్విచ్చి బదులు పెద్ద కరెంటును తాను మోసే రిలే పెట్టలేదు. మీరు చదువుకుంటున్నవాళ్లు, లెక్క కట్టండి. మామూలు బల్బు హై బీములో 60 వాట్లు. రెండూ కలిపి 120. 12 వోల్టులకు 10 ఆంపియర్లు. 100 వాట్లవి రెండు వేస్తే దాదాపు 17 ఆంపియర్లు. వైరులో పుట్టే వేడి కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. అంటే అదే సన్నటి వైరు రెండున్నర రెట్లకు పైగా వేడిని మోయాలి. మోయలేదు. రాత్రిపూట హైదరాబాద్ రోడ్డులో ఇబ్రహీంపట్నం దాటాక స్టీరింగు కింద స్విచ్చి కరిగి రెండు లైట్లూ ఒకేసారి ఆరిపోయాయి. బండిలో పిల్లలున్నారు. వెనకే లారీ. ఆయన ఎలాగో పక్కకు తీశాడు, ఎవరికీ ఏమీ కాలేదు. మర్నాడు వచ్చి నన్ను ఒక్క మాట కూడా అనలేదు. కరిగిపోయిన స్విచ్చి నా చేతిలో పెట్టి వెళ్లాడు. అది ఇప్పటికీ నా టూల్ బాక్సులో ఉంది.

వెలుగు తగ్గేది చాలావరకు బల్బు వల్ల కాదు. పాత వైరింగులో, తుప్పు పట్టిన ఎర్తింగులో వోల్టేజీ పడిపోతుంది. హాలోజన్ బల్బుకు 12 బదులు 11 వోల్టులు అందితే దాదాపు పావు వంతు వెలుగు పోతుంది. అందుకని ఈ కుర్రాడి బండికి 60/55 వాట్ల మంచి బల్బులే వేసి, బ్యాటరీ నుంచి ఫ్యూజుతో, రిలేతో నేరుగా లైను లాగి, పసుపెక్కిన డూములు పాలిష్ పెట్టాం. హాలోజన్ డూములో చవక ఎల్‌ఈడీ బల్బు పెట్టొద్దు. ఆ అద్దం హాలోజన్ తీగకు తగ్గట్టు గీసింది. వేరే బల్బు పెడితే వెలుగు చెదిరి ఎదుటివాడి కళ్లలో పడుతుంది.

మిగిలిన డబ్బుతో ముందు తలుపుల్లో స్పీకర్లు, ఒక మామూలు ప్లేయరు. పాటలు కావాలి కదా, ఆ వయసు. వైరు ఎక్కడా కోసి పళ్లతో పీకి టేపు చుట్టలేదు. కనెక్టర్లు వేశాం.

ఇక వాడి కాగితం మీద మిగిలినవి. బండి కిందికి దించాలంటే చవకలో చేసేది స్ప్రింగు కోసేయడమే. చుట్లు తగ్గితే స్ప్రింగు గట్టిపడుతుంది, ఆ గట్టిదనానికి తగ్గ షాకబ్జరు ఉండదు. గుంటలో దిగి లేచినప్పుడు స్ప్రింగు కూర్చునే చోటు నుంచి జరగొచ్చు. పైగా మన స్పీడు బ్రేకర్లు మీకు తెలుసు, ఇంజను కింద ఆయిల్ చాంబరు పగులుతుంది. సైలెన్సరు సంగతి ఒక్క ముక్కలో తేలుతుంది: ఆ 1.2 లీటర్ల ఇంజనుకు చప్పుడు పెరుగుతుంది, లాగుడు పెరగదు. నాకైతే ఆస్పత్రి ముందు నుంచి ఆ చప్పుడు చేసుకుంటూ పోయే బండిని చూస్తే కోపమొస్తుంది.

చట్టం సంగతీ తెలుసుకోండి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్‌సీలో రాసిన కంపెనీ వివరాలకు తేడా వచ్చేలా బండి మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కేరళ కేసులో అదే గట్టిగా చెప్పింది. ఆ ఏడాది సవరణతో అలా మార్చిన యజమానికి ఒక్కో మార్పుకు 5,000 జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడొచ్చు. నల్ల ఫిల్ము కుదరదని 2012లోనే సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. రంగు మార్చాలన్నా ఆర్టీవోకు చెప్పి ఆర్‌సీలో రాయించుకోవాలి. ఇన్సూరెన్సు కంపెనీకి చెప్పకుండా మార్పులు చేస్తే, ప్రమాదం జరిగిన రోజున క్లెయిము దగ్గర ఇబ్బంది వస్తుంది.

అలాయ్ వీల్స్ మాత్రం వాడు వదల్లేదు. సరే, దానికొక దారి చెప్పాను. అదే తరం స్విఫ్ట్‌లో జడ్‌ఎక్స్‌ఐ రకానికి కంపెనీయే 185/65 ఆర్15 ఇచ్చింది. వాడి టైరు సైజు లెక్కేయమన్నాను. 14 అంగుళాల రిమ్ము 355.6 మిల్లీమీటర్లు. 165 టైరు వెడల్పు, అందులో 80 శాతం టైరు గోడ ఎత్తు, అంటే 132, పైనా కిందా కలిపి 264. మొత్తం దాదాపు 620. రెండోది: 15 అంగుళాల రిమ్ము 381, దానికి రెండు వైపుల గోడలు 240.5 కలిపితే 621.5. తేడా రెండు మిల్లీమీటర్లు. స్పీడోమీటరు అబద్ధం చెప్పదు, టైరు ఫెండరుకు తగలదు. ఈ టైర్లు అరిగాక, డబ్బు కూడాక, ఆ కంపెనీ సైజు రిమ్ములే తీసుకో, వేసేముందు ఆర్టీవో ఆఫీసులోనూ ఇన్సూరెన్సువాళ్ల దగ్గరా ఒక మాట అడుగు అన్నాను. షాపులో 17 అంగుళాలవి మెరుస్తుంటాయి. వాటి జోలికి వెళ్లొద్దన్నాను.

అమ్మేసి వేరే బండి కొనాలా అన్న ప్రశ్నకు నా జవాబు ఒక్కటే. తర్వాత బిగించలేని వాటి కోసమైతే కొనండి. టైర్లు, లైట్లు, స్పీకర్లు ఎప్పుడైనా వేసుకోవచ్చు. గట్టిగా బ్రేకు వేసినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్, ఎయిర్‌బ్యాగులు షెడ్డులో వేసేవి కావు. సెన్సార్లు, స్టీరింగు, కంప్యూటరు, బాడీ అన్నీ కలిపి కంపెనీలో కట్టినవి. మన దేశంలో కొత్త కార్లన్నిటికీ ఏబీఎస్ తప్పనిసరైంది 2019 ఏప్రిల్ నుంచి. ముందు రెండు సీట్లకూ ఎయిర్‌బ్యాగులు అన్ని కొత్త కార్లలో తప్పనిసరైంది 2021 ఆఖరుకు. ఈ కుర్రాడి ఎల్‌ఎక్స్‌ఐలో రెండూ లేవు. అందుకే వాడికి చెప్పాను, రెండేళ్లు దీంతో జాగ్రత్తగా తిరుగు, ఆ తర్వాత అప్పుచేసి పెద్ద బండికి పోకుండా, ఇదే ధరలో చిన్నదైనా సరే ఆ రెండూ ఉన్న బండి వెతుకు అని. ఈలోపు వెనక కూర్చునే నాయనమ్మకు కూడా సీటు బెల్టు పెట్టమన్నాను. వెనక బెల్టు బకిల్స్ సీటు కింద దూరిపోయి ఉంటే మేమే పైకి తీసి తుడిచిపెట్టాం.

వేగం మీద ఇష్టం తప్పు కాదు. నాకూ ఉంది. ఆ ఇష్టానికి జాతీయ రహదారి చోటు కాదు, అంతే. చెన్నై దగ్గర ఇరుంగట్టుకోట్టైలో, కోయంబత్తూరులో రేసు ట్రాకులున్నాయి. మీరు ఈసెట్ రాసి బీటెక్ రెండో ఏడాదిలో చేరితే కొన్ని కాలేజీల్లో బాజా ఎస్‌ఏఈ జట్లుంటాయి. 2007 నుంచి జరుగుతున్న పోటీ అది. కుర్రాళ్లే బండికి చట్రం వెల్డింగు చేసి, సస్పెన్షన్ లెక్కలు వేసి, మధ్యప్రదేశ్‌లో ఇండోర్ దగ్గర పీతంపూర్‌లో మట్టి ట్రాకు మీద పరీక్ష పెట్టుకుంటారు. బండిని మార్చాలన్న కోరికకు అంతకన్నా మంచి చోటు నాకు తెలియదు.

చెప్పాల్సింది అయిపోయింది. మీ మాస్టారిని అడిగి, వర్క్‌షాపులో మీ కాలేజీ పాత కారును స్టాండ్ల మీదికి ఎక్కించి ఉంచాను. నలుగురు చొప్పున రండి. ముందు టైరు మీద నాలుగు అంకెలు చదివి నాకు చెప్పండి, తర్వాత చక్రం ఊపి చూద్దాం. చేతులకు గ్రీజు అంటుతుంది, మంచి చొక్కాలు వేసుకున్నవాళ్లు చేతులు మడిచి రండి.