మంత్రపుష్పంలో వినిపించే అడవి గడ్డి

(తెర మీద: గుడిలో హారతి, వెనక మంత్రపుష్పం)

"నీవార శూకవత్తన్వీ..." చాలాసార్లు వినే ఉంటారు. నీవారం అంటే అడవి వరి, తెలుగులో నివ్వరి. శూకం అంటే దాని గింజ కొసన ఉండే సన్నటి ముల్లు.

(తెర మీద: నివ్వరి కంకి, వేలు తగలగానే గింజలు రాలుతాయి)

చూశారా, ముట్టుకుంటే రాలిపోతోంది! ఇది పొలంలో కనబడితే రైతు పీకి గట్టు మీద పడేస్తాడు. నేనైనా అదే చేస్తాను.

1970ల్లో ఆసియా వరిని గ్రాసీ స్టంట్ అనే వైరస్ పట్టుకుంది. మోసుకొచ్చేది మన రైతులకు బాగా తెలిసిన సుడిదోమే. తెగులు సోకిన దుబ్బు గిడసబారి, పిలకలు గడ్డిలా గుబురుగా వస్తాయి. కంకి మాత్రం సరిగా రాదు.

ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధనా సంస్థ 6,000కు పైగా రకాలను పరీక్షించింది. తట్టుకున్నది ఒక్కటే: ఉత్తరప్రదేశ్‌లో సేకరించిన నివ్వరి (శాస్త్రీయ నామం ఒరైజా నివారా). అందులోనూ అన్ని మొక్కలూ కాదు, కొన్నే!

(తెర మీద: పక్కపక్కన రెండు నివ్వరి మొక్కలు)

పైకి రెండూ ఒకలాగే ఉన్నాయి కదా? తేడా జన్యువులో ఉంది. తెగులు వచ్చాక మొక్క కంగారుపడి తయారుచేసుకున్నది కాదది, ముందు నుంచీ ఉన్నదే. తరతరాలుగా జన్యువులు నకలు అయ్యేటప్పుడు చిన్న చిన్న మార్పులు దొర్లుతుంటాయి. చాలావాటితో లాభమూ ఉండదు, నష్టమూ ఉండదు. అడవి మొక్కల్లో అవి అలా పడి ఉంటాయి. సాగు వరిలో మాత్రం గింజ రాలని మొక్కలనే మన పెద్దలు విత్తనానికి ఉంచుకున్నారు. మిగతావి వదిలేసినప్పుడు వాటితోపాటు ఇంకేం పోయాయో ఎవరు చూశారు!

ఆ సంస్థ శాస్త్రవేత్త గుర్‌దేవ్ ఖుష్ బృందం ఆ నివ్వరిని సాగు వరితో సంకరం చేసింది. వచ్చిన మొక్కలను మళ్లీ మళ్లీ సాగు వరితోనే కలిపింది, రాలే గుణం పోయి ఆ జన్యువు మిగిలేదాకా. అలా 1976లో వచ్చిన ఐఆర్ 36 వరి, 1980ల్లో దాదాపు 1.1 కోట్ల హెక్టార్లలో పండింది.

(తెర మీద: దుబ్బు మొదట్లో, నీటికి కాస్త పైన గోధుమరంగు దోమల గుంపు)

ఇక్కడో తిరకాసు ఉంది. దోమల్లోనూ ఈ తేడాలుంటాయి. 1973లో దోమను తట్టుకుంటుందని ఐఆర్ 26 రకం ఇచ్చారు. కోట్ల దోమల్లో ఏ కొన్నిటికో ఆ వరి రసం పడింది. మిగతావి చచ్చినా అవి గుడ్లు పెట్టాయి. రెండు మూడేళ్లకే పొలాల్లో మళ్లీ దోమపోటు.