సిరికి ప్రాస దొరికింది, కానీ... | బెంగళూరులో మా ఆదివారం రాత్రి

హాయ్ అండీ, అందరూ బాగున్నారా? ముందే చెప్పేస్తున్నా, ఈ రోజు వీడియోలో టూర్ లేదు, షాపింగ్ లేదు. ఆదివారం రాత్రి తొమ్మిదింటికి మా డైనింగ్ టేబుల్ మీద జరిగిన రభస ఉంది, అంతే.

కొత్తగా చూస్తున్నవాళ్ళ కోసం ఒక్క మాట. మేము టెక్సస్ ఫ్రిస్కో నుంచి బెంగళూరు వచ్చేసి మూడేళ్ళయింది. ఇంకా ఛానెల్‌కి ఎన్నారై వ్లాగ్ అని పేరెందుకు అని చాలామంది అడుగుతుంటారు. మా ఆయన దగ్గర రెడీగా ఉంటుంది జవాబు: "ఎన్నారై అంటే నాన్ రెసిడెంట్ ఆంధ్రా." తెలుగువాళ్ళు ఎక్కువగా ఉండే మారతహళ్ళిలో ఉంటూ ఆ మాట అనడం కూడా కొంచెం ఎక్కువే. కూరగాయల బండి దగ్గర నేను కష్టపడి కన్నడంలో "ఎష్టు" అంటే, ఆయన "నలభై అమ్మా" అంటాడు.

సరే, విషయానికొస్తా. మా పాప సిరి రెండో తరగతి. సోమవారం హోంవర్క్ ఆదివారం రాత్రే బయటపడుతుందని ప్రతి తల్లికీ తెలుసు. టిఫిన్ డబ్బా కోసం బ్యాగులో చెయ్యి పెడితే చేతికొచ్చింది డైరీ. అందులో గుండ్రటి అక్షరాలతో: నీ పేరుకి ప్రాస కలిసే ఇంగ్లీషు మాటలు వెతికి, నాలుగు లైన్ల పద్యం చార్టు మీద రాసి తీసుకురా, క్లాసులో చదవాలి. శుక్రవారం ఇచ్చారట. మూడు రోజులు ఆ డైరీ బ్యాగులో హాయిగా నిద్రపోయింది.

చార్టు ఉందా? లేదు. పోయినసారి సోలార్ సిస్టమ్ వేసిన చార్టు ఉంది, వెనక్కి తిప్పితే తెలుపే. ఇదిగో చూడండి, శని గ్రహం వలయాలు ఇటువైపుకి కూడా కనబడుతున్నాయి. దాని మీదే పని కానిచ్చాం.

అదృష్టం ఎవరికంటే జై అనే పేరున్న పిల్లాడికండీ. స్కై, ఫ్లై, పై, హై... రెండు నిమిషాల్లో పద్యం అయిపోతుంది. నీల్‌కి వీల్ ఉంది, మీల్ ఉంది. మాయకి పపాయా! దీనికన్నా చక్కని ప్రాస ఇంగ్లీషువాళ్ళక్కూడా దొరకదు. పాపం సహస్రలూ హృతిక్‌లూ ఏం చేస్తారో అనుకున్నా. మనకి రెండక్షరాల పేరే కదా, మనం ఒడ్డున పడ్డట్టే అని ధీమా.

మొదట నేనే చెప్పాను, "చెర్రీ రాయి, బెర్రీ రాయి, ఫెయిరీ రాయి." సిరి రాసేసింది కూడా. మా ఆయన ల్యాప్‌టాప్ మీంచి తలెత్తి, "చెర్రీ కుదరదు" అన్నారు. ఎందుకు కుదరదు, చివర్న రీ ఉందిగా? చివరి అక్షరం కలిస్తే చాలదట. ఇంగ్లీషులో ప్రతి మాటలోనూ ఒకచోట గొంతు గట్టిగా నొక్కుతారు కదా, ఆ నొక్కిన అచ్చు దగ్గర్నుంచి చివరిదాకా మొత్తం ఒకేలా వినబడాలి. దాని ముందున్న హల్లు మాత్రం వేరుగా ఉండాలి. చెర్రీలో నొక్కేది "ఎ" మీద. సిరిలో "ఇ" మీద. అంతే, చెర్రీ ఔట్.

నేను నమ్మలేదని ఆయన కార్నెగీ మెలన్ యూనివర్సిటీ వాళ్ళ ఉచ్చారణ నిఘంటువు తెరిచారు. 1,34,000కి పైగా మాటలున్నాయి, ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు. అమెరికన్ పలుకుబడి. అందులో అర్థాలు ఉండవండీ, శబ్దాలే. చెర్రీని చ్, ఎ, ర్, ఈ అని ముక్కలు చేసి, నొక్కే అచ్చు పక్కన 1 అని, నొక్కని దాని పక్కన 0 అని పెట్టారు. ప్రాస వెతకాలంటే ఆ 1 దగ్గర వేలు పెట్టి అక్కణ్ణుంచి చివరిదాకా పోల్చుకుంటూ పోవడమే. స్పెల్లింగ్‌తో పనే లేదు. ఇంగ్లీషులో స్పెల్లింగ్‌ని నమ్ముకుంటే మునుగుతాం కూడా. టఫ్, కాఫ్, దో, బౌ, నాలుగింటికీ చివర ఒకే నాలుగక్షరాలు, ఏ రెండూ కలవవు. మన పిల్లలు ఇది ఎలా నేర్చుకుంటున్నారో దేవుడికే తెలియాలి.

ఇంకో సంగతి, ఆరెంజ్‌కి ఇంగ్లీషులో రోజూ వాడే మాటల్లో ప్రాసే లేదట. వేల్స్‌లో బ్లోరెంజ్ అని ఒక కొండ ఉంది, అదే దిక్కు. నారింజ తింటూ పద్యం రాయాలంటే ఆ కొండెక్కాలి అన్నమాట.

సరే, సిరికి ఏమొచ్చాయో వినండి. డ్రియరీ: దిగులు పుట్టించేది. వియరీ: అలిసిపోయినది. టియరీ: కళ్ళనీళ్ళు పెట్టుకున్నది. బ్లియరీ: నిద్రలేక కళ్ళు మసకబారినది. ఈరీ: దయ్యాలు తిరిగే చోటులా ఒళ్ళు జలదరించేది. సిరి అంటే లక్ష్మీదేవి కదండీ. ఆవిడ పేరు పక్కన చేరినవన్నీ జ్యేష్ఠాదేవి చుట్టాలే! వాటిలో చల్లటి మాట ఒక్క చీరీ: హుషారుగా ఉన్నది. మిగిలినవి థియరీ, క్వెరీ.

క్వెరీ దగ్గర ఇంట్లో చిన్న తుఫాను. మా ఆయన పన్నెండేళ్ళుగా ఆఫీసులో డేటాబేస్ క్వెరీలు రాసుకుంటున్నారు, "క్వెరీ" అనే అంటారు, చుట్టూ ఉన్న అందరూ అదే అంటారు. ఇంకో డిక్షనరీ తెరిచి స్పీకర్ బొమ్మ నొక్కితే "క్వియరీ" అంది. ఆయన మళ్ళీ నొక్కారు. మళ్ళీ అదే. మూడోసారి నొక్కి, "ఇది బ్రిటిష్ కాబట్టి" అని ల్యాప్‌టాప్ మూసేశారు. రోజూ అన్నం పెట్టే మాటనే తప్పు పలుకుతున్నాం అంటే ఎవరికి మాత్రం బాధ ఉండదు చెప్పండి.

ఇంతలో మా అమ్మ పూజగది దగ్గర్నుంచి వచ్చింది. తెనాలి నుంచి వచ్చి నెలైంది. "ఏంటే ఈ గోల?" అంది. చెప్పాను. "సిరికి ప్రాస దొరక్కపోవడమేంటే? గిరి, దరి, ఝరి, విరి..." వేళ్ళు మడుచుకుంటూ పోయింది. అమ్మా, అవన్నీ తెలుగు, ఇంగ్లీషు కావాలి అంటే, "వాళ్ళ ప్రాస తోకలో ఉంటుంది, మనది తలలో ఉంటుంది" అని కుర్చీ లాక్కుని కూర్చుంది. అయిపోయింది, ఇక పద్యం తప్పదు అనుకున్నా. తప్పలేదు. పోతన గారి గజేంద్రమోక్షంలో సిరికిం జెప్పడు పద్యం. అమ్మ తెలుగు టీచరేం కాదండీ, వాళ్ళ నాన్నగారు పొద్దున్నే చదివించేవారట, అంతే.

నాకు ఇన్నేళ్ళు ఆ పద్యం నోటికి వచ్చు గానీ, అందులో ఒకటి ఎప్పుడూ గమనించలేదు. మొదటి పాదం "సిరి"తో మొదలు. రెండోది "పరి"తో. మూడోది "తర"తో. నాలుగోది మళ్ళీ "పరి"తో. నాలుగు పాదాల్లోనూ రెండో అక్షరం ర! స్కూల్లో ద్వితీయాక్షర ప్రాస అని బట్టీ పట్టాం, పరీక్షలో రెండు మార్కులకి రాశాం. ఏనుగుని కాపాడడానికి విష్ణుమూర్తి లక్ష్మీదేవికి కూడా చెప్పకుండా పరుగెత్తాడనే పద్యంలో, ఆ ప్రాస మొత్తం మా పిల్ల పేరు మీదే నిలబడిందని ఆదివారం రాత్రి చార్టు ముందు కూర్చుంటేగానీ తెలియలేదు.

మా అమ్మ పేరు లక్ష్మి. సిరికి ఇంకో సందేహం వచ్చింది, "మరి అమ్మమ్మ పేరుకి ఇంగ్లీషులో ప్రాస?" వాళ్ళ నాన్న కాసేపు ఆలోచించి, "ట్యాక్స్ మీ" అన్నారు. ఒక మాట చాలకపోతే రెండు మాటలు కలిపి ప్రాస కట్టొచ్చట, ఇంగ్లీషులో అదో పద్ధతి. మా అమ్మకి అర్థం చెప్పాక, "పెన్షన్ మీదేనా, నా పేరు మీద కూడానా పన్ను?" అంది.

పది దాటుతుండగా పద్యం తయారైంది. ఇదిగో చార్టు. స్టీల్ పళ్ళెం బోర్లించి గీసిన సున్నాలో పేరు, చుట్టూ పూలు, కింద స్కెచ్ పెన్నుతో:

మై నేమ్ ఈజ్ సిరి,
ఐ యామ్ ఆల్వేస్ చీరీ,
మై నాన్న హాజ్ ఎ థియరీ,
మై అమ్మమ్మ ఈజ్ నెవర్ వియరీ.

నాన్నగారి థియరీ ఏంటంటే, రాత్రి తొమ్మిది దాటితే ఔటర్ రింగ్ రోడ్డు ఖాళీ అవుతుందని. మూడేళ్ళుగా రుజువు కాలేదు.

ఇక్కడ మొదలైందండీ అసలు చిక్కు. "ఒకసారి చదువమ్మలూ" అంటే సిరి నిలబడి చదివింది. "మై నేమ్ ఈజ్ సిరి, ఐ యామ్ ఆల్వేస్ చీరీ." ఆగిపోయింది. "అమ్మా, కలవట్లేదు." నిజమే, కలవట్లేదు! కాగితం మీద కలిసింది, నోట్లో కలవలేదు. మనం పిలిచేది సిరి. రెండూ లఘువులే, చిటికె వేసినట్టు ఉంటుంది. ఇంగ్లీషు ప్రాసకి కావలసింది సీరీ. మొదటి అక్షరాన్ని సాగదీయాలి. ఫ్రిస్కోలో డే కేర్‌లో అలాగే పిలిచేవాళ్ళు, సీరీ అని. 2011లో యాపిల్ వాళ్ళు ఫోన్‌లో మాట్లాడే సిరిని తెచ్చాక అక్కడ అందరికీ ఆ పేరు నోటికి వచ్చేసింది. స్కాండినేవియాలో సిగ్రిడ్ అనే పేరుకి ముద్దు పేరు అది. మాది శ్రీకి వికృతి. ఆ మాట చెప్తే నవ్వి ఫోన్ వంక చూసేవాళ్ళు.

మా ఆయన, "సీరీ అని చదివెయ్, ఒక్క నిమిషం పనే కదా" అన్నారు. నేనూ అదే అనబోయాను. సిరి చార్టు టేబుల్ మీద పెట్టేసి, "నా పేరు నేనే తప్పు చెప్పాలా?" అంది. ఏడేళ్ళ పిల్ల అలా అడిగితే జవాబేం చెప్తాం? నేను మాత్రం లేచి పాలు వేడిచేయడానికి వెళ్ళిపోయాను. నిజంగా పారిపోయాను అనుకోండి.

మా పక్కింటి ఆంటీ కన్నడావిడ, ఈ పేరు ఆవిడకి ఎంతిష్టమో. సిరి అంటే వాళ్ళకీ సంపదే, "సిరిగన్నడం గెల్గె", అంటే సిరిగల కన్నడం గెలవాలి అంటారు కదా. మా పిల్లని "సిరి మరి, బా మరి" అని పిలుస్తారు. కన్నడంలో మరి అంటే పిల్ల, ముద్దుగా పిలిచే మాట. వచ్చిన కొత్తలో సిరి నన్ను అడిగేది, "ఆంటీ ఎందుకు అస్తమానం మరి మరి అంటారు? మరి ఏంటి?" అని. చూడండి, ఆవిడకి ప్రాస కోసం నిఘంటువు అక్కర్లేకపోయింది.

సోమవారం సాయంత్రం స్కూల్ బస్సు దిగగానే అడిగాను, ఏమైంది, ఎలా చదివావు అని. "బాగా చదివా" అంది. సీరీ అన్నావా అంటే తల అడ్డంగా ఊపింది. మరి ప్రాస? "నేను సిరి అనే అన్నా. మిగతావి పొట్టి చేశా."

ఆ ముక్క కెమెరాలో దొరికింది, ఇంటికొచ్చాక అమ్మమ్మ ముందు మళ్ళీ చదివించాను, వినండి:

"మై నేమ్ ఈజ్ సిరి, ఐ యామ్ ఆల్వేస్ చిరి, మై నాన్న హాజ్ ఎ థిరి, మై అమ్మమ్మ ఈజ్ నెవర్ విరి!"

నేనూ మా ఆయనా చప్పట్లు కొట్టాం. టీచరమ్మ కూడా నవ్వారట, చార్టు గోడకి అంటించారట. మా అమ్మ మాత్రం ముఖం ముడుచుకుంది. ఆవిడకి అంత ఇంగ్లీషులో గట్టిగా వినబడ్డ తెలుగు మాట అదొక్కటే. విరి అంటే పువ్వు కదండీ.

"నెవర్ విరి ఏంటే? నేను ఎప్పుడూ పువ్వుని కాదనా?"

మంగళవారం పొద్దున్నే కింద పూలావిడ దగ్గరికి మనవరాలిని వెంటబెట్టుకుని వెళ్ళింది. ఇక్కడ మూర అనరు, మొళ అంటారని సిరే చెప్పి బేరం చేసిందట. రెండు మొళల మల్లెపూలు. ఒకటి జడలో పెట్టుకుని, రెండోది కెమెరాకి అడ్డంగా పట్టుకుని, "ఇప్పుడు చదవమను" అంది.

ఉంటానండీ, పప్పులో పోపు పెట్టాలి.