మైనస్ 23 డిగ్రీల్లో జీపీఎస్: ఈ టచ్ స్క్రీన్‌కో దండం రా బాబూ

హాయ్ అండీ అందరికీ. ముందే చెప్పేస్తున్నా, ఈ చేతిలో పట్టుకునే జీపీఎస్ డివైస్, అదే అడవిలో దారి చూపించేది, నాకు ఫ్రీగా వచ్చింది, ఒక సెల్లర్ పంపాడు, డబ్బులేం ఇవ్వలేదు, వాడి చూసి వీడియో చేయండి అన్నాడు అంతే. మోడల్ పేరు థంబ్‌నెయిల్‌లో చూసే లోపలికొచ్చుంటారు కాబట్టి నోటితో చెప్పను, ఎందుకు చెప్పట్లేదో కాసేపట్లో మీకే తెలుస్తుంది. స్పెక్స్ కూడా చదవను, ఆ పని చేసే వీడియోలు బోలెడున్నాయి. నేను చెప్పేది ఒక్కటే, చలిలో దీంతో నేను పడ్డ పాట్లు.

నేనుండేది అమెరికాలో, మిన్నెసోటా రాష్ట్రంలోని మినియాపొలిస్ దగ్గర. జనవరిలో ఇక్కడ మైనస్ 20 అంటే ఎవడూ ఆశ్చర్యపోడు, ఈ రాష్ట్రంలోనే టవర్ అనే ఊరి దగ్గర 1996 ఫిబ్రవరి 2న మైనస్ 51 సెల్సియస్ పడింది, అది స్టేట్ రికార్డు. లంబసింగిలో సున్నాకి దగ్గరికొస్తే మనం టీవీలో చూపిస్తాం కదా, ఆ లంబసింగి ఇక్కడికొస్తే షార్ట్స్ వేసుకుని తిరుగుతారు.

సరే, పోయిన శనివారం డులూత్ దాటి హైవే 61 మీద గూస్‌బెర్రీ ఫాల్స్ దాకా వెళ్ళా. జలపాతం మొత్తం గడ్డకట్టి ఉంది, చూడ్డానికి మాత్రం బ్రహ్మాండం. అక్కణ్ణుంచి సుపీరియర్ హైకింగ్ ట్రెయిల్ అనే అడవి కాలిబాట మీద కొంచెం దూరం నడిచి వద్దామని. ఈ ట్రెయిల్‌కి చెట్ల మీద నీలం రంగు పెయింట్ గుర్తులుంటాయి, ఎండాకాలం అవి చూసుకుంటూ కళ్ళు మూసుకుని నడిచేయొచ్చు, చలికాలం ఏమవుతుందంటే గాలికి మంచు వచ్చి చెట్టు మొదలుకి అతుక్కుపోతుంది, పెయింటూ కనపడదు, కింద దారీ కనపడదు, అంతా తెల్లగా ఒకటే. అప్పుడు కావాలి జీపీఎస్.

బయటికి తీశా. చేతికి లోపల పల్చటి గ్లోవ్స్, పైన మందపాటి మిటెన్స్, అంటే వేళ్ళన్నీ ఒకే సంచిలో ఉండే గ్లోవ్స్. స్క్రీన్ ముట్టుకుంటే ఉలుకూ లేదు పలుకూ లేదు. మిటెన్ తీశా, లేదు. లోపలి గ్లోవ్ కూడా తీశా, ఉత్త వేలితో జరిపితే మ్యాప్ జరిగింది, కానీ ఎలా జరిగిందంటే, వేలు ఇక్కడ పెడితే మ్యాప్ అర సెకను ఆలోచించుకుని పాత బొమ్మ మీద కొత్త బొమ్మ పూసినట్టు మెల్లగా వచ్చింది. అది ఎల్‌సీడీ తెర, అందులో ఉండే లిక్విడ్ చలికి చిక్కబడుతుంది, ఫ్రిజ్‌లో పెట్టిన నెయ్యి అనుకోండి. దాన్ని పాపం క్షమించొచ్చు. ఈలోగా రెండు మంచు రవ్వలు స్క్రీన్ మీద పడి కరిగాయి, ఆ తడిని వేలనుకుని అదే జూమ్ చేసేసుకుంది! నేను నొక్కితే పలకదు, మంచు నొక్కితే పలుకుతుంది. ఇక నాకు కోపం నషాళానికంటింది. ఒక్క వేపాయింట్, అంటే మనమున్న చోటుని మ్యాప్ మీద గుర్తుగా, మార్క్ చేయడానికి నా వేళ్ళు తిమ్మిరెక్కి, తర్వాత కారులో వేడి తగిలాక పీకిన నొప్పి ఉంది చూడండి, అబ్బా.

ఇదిగో, ఇది నా పాతది, గార్మిన్ ఈట్రెక్స్ 20, 2011లో వచ్చిన మోడల్, మూలలు అరిగిపోయాయి. దీనికి టచ్ లేదు, పైన చిన్న బుడిపె ఉంటుంది, చూడండి, మిటెన్‌తోనే పట్టుకున్నా... ఆ, బుడిపె నొక్కి పట్టుకుంటే చాలు, వేపాయింట్ మార్క్. మిటెన్ తీసే పనే లేదు. స్క్రీన్ చిన్నది, నిజమే, అది కూడా చలికి మందగిస్తుంది, కానీ మంచు మీద ఎండ పడి కళ్ళు చెదిరే వెలుతురులో లైట్ లేకుండానే స్పష్టంగా కనపడుతుంది.

ఇంకో సంగతి, ఇందులో పెన్సిల్ సెల్స్ రెండు. చిన్నప్పుడు మా ఇంట్లో టార్చిలైటు డిమ్ అయితే మా నాన్న సెల్స్ తీసి ఎండలో పెట్టేవాడు, మీ ఇంట్లో కూడా పెట్టే ఉంటారు, ఆ సాయంత్రానికి ఇంకాస్త వెలిగేది. అందులో కొంత నిజముంది. ఆల్కలైన్ సెల్ లోపల ఉండేది నీళ్ళతో కలిపిన కెమికల్, చలికి లోపల రియాక్షన్ నెమ్మదించి ఓల్టేజ్ పడిపోతుంది, చచ్చిపోయిందనుకుంటాం, కానీ చావదు, వెచ్చబెడితే లేస్తుంది. నాకొకసారి ఇలాగే ఆగిపోతే సెల్స్ తీసి చంకలో పెట్టుకున్నా, పెట్టుకున్న సంగతి మర్చిపోయి స్పేర్ సెల్స్ ఏవిరా అని బ్యాగంతా తిరగేశా, చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికారంటారే, అచ్చం అదే. పది నిమిషాల తర్వాత వేసి చూస్తే ఆన్ అయింది.

ఇప్పుడైతే లిథియం పెన్సిల్ సెల్స్ వాడుతున్నా, ఎనర్జైజర్ వాళ్ళవి, రేటు చూస్తే గుండె జారుతుంది, కానీ మైనస్ 40 దాకా పనిచేస్తాయని కంపెనీయే రాసింది, అదే వాళ్ళ ఆల్కలైన్‌కి మైనస్ 18 వరకే. బరువు కూడా తక్కువ. ఒక్క జాగ్రత్త, సెట్టింగ్స్‌లో బ్యాటరీ టైప్ లిథియం అని మార్చుకోండి, లేకపోతే చివరి దాకా ఫుల్ చూపించి టప్‌మని ఆగిపోతుంది.

ఈ కొత్తదాంట్లో ఏముందంటే లోపలే బిగించిన, ఛార్జ్ చేసుకునే లిథియం అయాన్ బ్యాటరీ. మధ్యలో మార్చలేం. పవర్ బ్యాంక్ పెడదామా అంటే సున్నా కింద ఈ రకం బ్యాటరీని ఛార్జ్ చేయకూడదు, లోపల లిథియం లోహంలా పేరుకుపోయి బ్యాటరీ పాడవుతుంది. మరి జాకెట్ లోపల వెచ్చగా దాచుకుందామంటే మన ఒళ్ళంతా నీళ్ళే కదా, అవి సిగ్నల్‌ని మింగేస్తాయి, మనం నడిచిన దారి గీత (ట్రాక్) తాగినోడి నడకలా వస్తుంది. నేనైతే భుజం పట్టీకి పైన తగిలించుకుంటా. చలి వల్ల శాటిలైట్ సిగ్నల్‌కేం కాదండోయ్, బాధంతా బ్యాటరీకీ స్క్రీన్‌కీ మన వేళ్ళకీ. ఇంటికొచ్చాక మాత్రం జిప్‌లాక్ కవర్లో పెట్టి మూసి, మెల్లగా వెచ్చబడ్డాకే తీయండి, లేకపోతే ఫ్రిజ్‌లోంచి తీసిన బాటిల్లా చెమటలు పడతాయి.

ఆ, హిమాలయాల ట్రెక్‌కి తీసుకెళ్ళొచ్చా అని ఎవరో అడిగారు. ఉత్త జీపీఎస్ వేరు, అది సిగ్నల్ వింటుందంతే. శాటిలైట్‌కి మెసేజ్ పంపే రకాలు మాత్రం టెలికాం శాఖ పర్మిషన్ లేకుండా ఇండియాకి పట్టుకెళ్ళకండి, ఎయిర్‌పోర్టులో ఫారినర్స్‌ని ఆపి కేసులు పెట్టిన సందర్భాలున్నాయి.

మరి కొనాలా? దీని మ్యాప్ అందంగా ఉంది, సిగ్నల్ పాతదానికన్నా తొందరగా పట్టింది, ఒప్పుకుంటా. మే నెలలో చేపలు పట్టడానికి తీసుకెళ్తా. జనవరిలో మాత్రం నేను ముట్టుకోను, అదెలాగూ నేను ముట్టుకున్నా పలకదు. ఆ సెల్లర్ ఈ వీడియో చూస్తే ఇంకోటి పంపడని తెలుసు, పంపకపోతే పోనీ.

ఇదిగో కెమెరా కూడా బ్యాటరీ 9 శాతం అంటోంది, ఇందాకే 60 ఉండె. కట్ చేస్తున్నా.