షుగర్ గురించే మాట్లాడుతున్నాను

(తిరుపతిలో ఒక కాలనీ సంక్షేమ సంఘం అక్టోబరు 1న, అంతర్జాతీయ వయోవృద్ధుల దినోత్సవం సందర్భంగా ఏర్పాటు చేసిన సభలో ఒక విశ్రాంత హెడ్ నర్సు చేసిన ప్రసంగం)

వేదిక మీది పెద్దలకు, ఎదురుగా కూర్చున్న పెద్దలకు, భోజనాలు ఎప్పుడు మొదలవుతాయా అని వెనక నిలబడి చూస్తున్న పిల్లలకు నమస్కారం. పేరుపేరునా పలకరించడం మర్యాదే. కానీ నాకు ఇచ్చింది ఇరవై నిమిషాలు. నన్ను పరిచయం చేయడానికే అధ్యక్షులవారు అందులో ఏడు నిమిషాలు వాడుకున్నారు. వాటిలోనూ సగం ఆయన గురించే. పాత పరిచయం కాబట్టి ఏమీ అనుకోరు.

ఆహ్వానపత్రంలో నా అంశం 'వృద్ధాప్యంలో మధుమేహం, తీసుకోవలసిన జాగ్రత్తలు' అని వేశారు. దాని గురించే మాట్లాడతాను. అయితే మన పార్కు గోడ దగ్గర నుంచి మొదలుపెడతాను.

ఆ గోడ పక్కన రాత్రిళ్లు కొందరు పడుకుంటున్నారు. ఒకప్పుడు ఇద్దరో ముగ్గురో ఉండేవారు. ఇప్పుడు వరుసగా కనిపిస్తున్నారు. వాళ్లను అక్కడి నుంచి పంపించేయాలని ఒక వినతిపత్రం తయారై మా ఇంటికీ వచ్చింది. నేను సంతకం పెట్టలేదు. ఎందుకు పెట్టలేదని అప్పటి నుంచి నడకకు వెళ్లినప్పుడల్లా అడుగుతున్నారు. ఆయాసపడుతూ చెప్పగలిగే విషయం కాదది. ఇవాళ మైకు దొరికింది, కుర్చీ కూడా వేశారు.

ఆ గోడ పక్కన పడుకునేవారిలో ఒక వంట మాస్టరు ఉన్నారు. పేరు చెప్పను, ఆయనకు ఇష్టం ఉండదు. ఈ ఊళ్లోనే ఒక హోటల్లో నలభై ఏళ్లు గరిటె తిప్పారు. తెల్లవారుజామున మూడింటికి లేచి పొయ్యి వెలిగించడం, రాత్రి పదకొండుకు గిన్నెలు బోర్లించడం. ఉండేది ఎక్కడ? వంటగది వెనక బియ్యం మూటలు పెట్టే గదిలో. అక్కడ ఒక చాప, ఒక ట్రంకు పెట్టె. ఈ ఊరి హోటళ్లలో, లాడ్జీల్లో, కల్యాణ మండపాల్లో పనిచేసేవాళ్లు చాలామంది ఇలాగే ఉంటారు. పనీ పడకా ఒకే కప్పు కింద. ఉండటానికి చోటిచ్చాం కదా అని జీతంలో ఆ మేరకు కోస్తారు. ఒంట్లో సత్తువ ఉన్నంతకాలం ఇబ్బంది లేదు. పని పోతే మాత్రం ఆ రాత్రికే పడకా పోతుంది. మనలాగా ఉద్యోగం పోయాక నాలుగు నెలలు ఇంట్లో కూర్చుని ఆలోచించుకునే వీలు వాళ్లకు ఉండదు.

ఇప్పుడు షుగర్ దగ్గరకు వస్తాను. ఒకరోజు మరిగే సాంబారు ఆయన పాదం మీద ఒలికింది. ఆయనకు తెలియలేదు! రాత్రి కాళ్లు కడుక్కుంటుంటే తోలు ఊడివచ్చింది, అప్పుడు చూసుకున్నారు. షుగర్ ఏళ్ల తరబడి అదుపులో లేకపోతే నరాలు దెబ్బతిని పాదం మొద్దుబారుతుంది. కాలినా, ముల్లు గుచ్చుకున్నా నొప్పి ఉండదు. కాగితం తెచ్చుకున్నవారు రాసుకోండి: పడుకోబోయే ముందు రోజూ పాదాలు చూసుకోవాలి. వంగలేనివారు నేల మీద అద్దం పెట్టుకుని అరికాళ్లు చూసుకోండి. ఇంట్లో కూడా చెప్పులు వేసుకోండి.

ఆయన మా వార్డుకు వచ్చేసరికి ఆలస్యమైంది. రెండు వేళ్లు తీసేశారు. వారాల తరబడి ఉన్నారు. వెళ్లేటప్పుడు డిశ్చార్జి కాగితం మీద మూడు సూచనలు రాశారు: పుండు తడవకూడదు, కాలు ఎత్తులో పెట్టుకోవాలి, ఇన్సులిన్ చల్లని చోట ఉంచాలి. ఈ మూడింటికీ ఇల్లు కావాలి. ఆ కాగితం రాసిన చిన్న డాక్టరును నేను తప్పుపట్టను, మంచం ఖాళీ కోసం నడవాలో నలుగురు ఎదురుచూస్తున్నారు.

హోటలుకు వెళితే పొయ్యి దగ్గర వేరే మాస్టరు. ట్రంకు పెట్టెను వాచ్‌మన్ దగ్గర పెట్టామన్నారు. వాచ్‌మన్ మారిపోయాడు. అందులో ఆధార్ కార్డు, బ్యాంకు పుస్తకం, భార్య ఫొటో. తమ్ముడు మదనపల్లె వైపు ఉన్నాడు కదా, అక్కడికి వెళ్లలేదా అని అడిగాను.

"వెళ్లానమ్మా. నాలుగు రోజులు బాగానే చూసుకున్నారు. అయిదో రోజు మా మరదలు కాఫీ ఇస్తూ తిరుపతి బస్సులు ఎన్నెన్ని గంటలకు ఉన్నాయో చెప్పింది."

ఆ మరదల్ని తిట్టడం తేలిక. రెండు గదుల ఇంట్లో పెళ్లికెదిగిన ఆడపిల్లలతో ఉంటోంది. ఆమె మాత్రం ఏం చేస్తుంది?

ఇక అద్దె గది. అడ్వాన్సు కావాలి. ఒంటరి మగవాడికి ఇవ్వరు. కాలికి కట్టుతో వచ్చినవాడికి అసలే ఇవ్వరు. మన వీధుల్లోనే 'కుటుంబాలకు మాత్రమే' అన్న బోర్డులు ఎన్ని ఉన్నాయో వెళ్లేటప్పుడు చూసుకుంటూ వెళ్లండి. ఒక బోర్డు మన సభావేదిక ఎదురింటికే ఉంది.

ఇలా పడతారు రోడ్డు మీద. తాగుబోతులు లేరా అంటే ఉన్నారు. వాళ్లలో రోడ్డు మీదికి వచ్చాక తాగుడు పట్టుకున్నవాళ్లు ఎందరో నాకు తెలుసు, ఒంటిమీద స్పృహతో ఆ సిమెంటు మీద నిద్ర పట్టదు. మతి చలించి తిరిగేవాళ్లూ ఉన్నారు. అలాంటివారిని రక్షణలోకి తీసుకుని వైద్యానికి చేర్చే బాధ్యత పోలీసులదని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెబుతోంది. స్టేషనుకు ఫోను చేసేటప్పుడు 'తరిమేయండి' అనకుండా ఆ చట్టం పేరు చెప్పండి.

వినతిపత్రంలో ఒక వాక్యం ఉంది. ఊరికే అన్నం దొరుకుతుంది కాబట్టి ఇలాంటివారంతా తిరుపతికి చేరుతున్నారట. అన్నం దొరుకుతుంది, కాదనను. కొండమీద 1985 నుంచి నిత్యాన్నదానం జరుగుతోంది, కింద కూడా దాతలకు కొదవ లేదు. మనమూ ఆదివారం ఆదివారం ఆ గోడ దగ్గర చిత్రాన్నం పొట్లాలు పంచి ఫొటోలు తీసుకుంటున్నాం. మాస్టరు ఒక ముద్ద నోట్లో పెట్టుకుని నాతో ఏమన్నారో తెలుసా? "అమ్మా, పొయ్యి మీద ఉండగానే నిమ్మకాయ పిండుతున్నారు, చేదెక్కుతోంది. దించి, ఆరాక పిండమనండి." నవ్వుతున్నారు, నవ్వండి. వంట కమిటీ వాళ్లు మాత్రం గుర్తుపెట్టుకోండి, నిజంగానే చేదుగా ఉంటోంది. అన్నం కోసం వచ్చి పడి ఉన్నాడని మీరు రాసినది ఈ మనిషి గురించే. మనలో ఎంతమంది ఆయన చేతి ఇడ్లీ తిని ఆఫీసులకు వెళ్లామో!

ఈ ఊళ్లో ఇంకో తమాషా ఉంది. రోడ్డు మీద పడుకోవడం ఇక్కడ వింత కాదు. దర్శనం టోకెన్ల కోసం వచ్చినవారు, రైలు అందనివారు, గది దొరకనివారు సంచి తలకింద పెట్టుకుని ఎక్కడ పడితే అక్కడ నడుం వాలుస్తారు. రైల్వే స్టేషను ముందు, అలిపిరి దారిలో, ఫ్లైఓవర్ స్తంభాల మధ్య. వాళ్లను చూసి మనకు భక్తి కలుగుతుంది. పక్కనే అదే సిమెంటు మీద పడుకున్న ఊరివాడిని చూస్తే చిరాకు. తెల్లవారాక ఒకరు కొండెక్కుతారు, ఒకరు అక్కడే ఉంటారు. అంతమందిలో ఇల్లు లేనివాడు ఎవరో ఎలా తెలుస్తుంది? అలా తెలియకపోవడం వల్లనే, వాళ్లు పెరుగుతున్నారన్న సంగతి మనకు ఆలస్యంగా తెలిసింది.

2020 గుర్తుందా? మార్చి 20న కొండమీద భక్తులకు దర్శనాలు ఆపేశారు, మళ్లీ జూన్‌లోగానీ మొదలుకాలేదు. యాత్రికులు రాకపోతే ఈ ఊళ్లో పొయ్యి వెలగదు. లాడ్జి కుర్రాళ్లు, సర్వర్లు, పూలు కట్టేవాళ్లు, జీపు డ్రైవర్లు అందరూ ఒక్కసారే ఖాళీ. అప్పుడు అప్పులు చేసి అద్దె గదులు వదులుకున్నవాళ్లలో కొందరు ఇప్పటికీ గదుల్లోకి తిరిగి వెళ్లలేదు.

లెక్కలు కావాలని కార్యదర్శిగారు సైగ చేస్తున్నారు. రెండే చెబుతాను. 2001 నుంచి 2011 వరకు దేశంలో ఇల్లు లేనివారి సంఖ్య మొత్తం మీద 19.4 లక్షల నుంచి 17.7 లక్షలకు తగ్గింది. పట్టణాల్లో మాత్రం 7.78 లక్షల నుంచి 9.38 లక్షలకు పెరిగింది. అంటే పల్లెలో పని పోయి పట్నానికి వచ్చినవారిలో చాలామంది పట్నంలోనూ కప్పు కిందికి చేరలేదేమో. అదీ 2011 ఫిబ్రవరి 28న ఒక్క రాత్రి తిరిగి రాసుకున్న లెక్క. రెండోది: పట్టణాల్లో ప్రతి లక్ష జనాభాకు కనీసం 100 మందికి, ఏడాది పొడవునా పనిచేసే బస ఉండాలని 2013లో మొదలైన జాతీయ పట్టణ జీవనోపాధుల మిషన్ నిబంధన పెట్టింది. దానికి ముందే సుప్రీంకోర్టు కూడా పెద్ద నగరాల విషయంలో ఇలాగే చెప్పింది. 2011 జనాభానే లెక్కలోకి తీసుకున్నా, ఆ కొలత ప్రకారం మన ఊరికి దాదాపు 300 మందికి సరిపడా చోటు కావాలి. సరే, అందులో ఒకటి మన కాలనీ ఖాళీ స్థలంలో కడతామంటే ఒప్పుకుంటారా? చేతులెత్తండి. ఊరికే అడిగాను, దించేయండి.

ఆ గోడ దగ్గర వాసన వస్తోందని రాశారు. వస్తోంది. పార్కులో మరుగుదొడ్డి ఉంది. రాత్రి ఎనిమిదికి తాళం వేస్తాం. తాళంచెవి కోశాధికారిగారి ఇంట్లో మేకుకు వేలాడుతూ ఉంటుంది.

మొన్న గోడ పొడవునా సిమెంటు కుండీలు పెట్టించారు. మొక్కల మీద ప్రేమతో పెట్టలేదని అందరికీ తెలుసు. కుండీకీ కుండీకీ మధ్య మనిషి కాళ్లు చాపే జాగా లేదు. మాస్టరు ఇప్పుడు కూర్చుని నిద్రపోతున్నారు, కాలు కిందికి వేలాడేసి. కాలు వేలాడేస్తే వాపు వస్తుంది. వాపు వస్తే పుండు మానదు. నేను షుగర్ గురించే మాట్లాడుతున్నాను!

ఆడవాళ్ల సంగతి చెప్పలేదు. ఆడవాళ్లు రాత్రి పడుకోరు. బస్టాండులో దీపం కింద, పదిమంది కనిపించే చోట కూర్చుని తెల్లవార్లూ మేలుకుంటారు. వెలుతురు వచ్చాక గోవిందరాజస్వామి గుడి వైపు ఏదో ఒక నీడ చూసుకుని కొంగు కప్పుకుంటారు. పట్టపగలు నిద్రేమిటి, ఏదైనా పని చేసుకోవచ్చు కదా అని మనం అంటాం. అలాంటి ఒక పెద్దావిడకు సొంత ఊళ్లో పింఛను ఉంది, నెలకు 4,000. ఒకటో తారీకున ఇంటికే తెచ్చి ఇస్తారు. ఆ ఇంటిని కొడుకుకు రాసిచ్చేసింది. ఆ ఇంట్లోకి వెళ్లలేక ఇక్కడ ఉంది.

ఇక్కడ కొంచెం ఆగండి, ఇది మీకోసం. పిల్లలకు ఇల్లు గిఫ్టుగా రాసిచ్చే ఆలోచనలో ఉన్నవారు ఈ సభలో కనీసం సగం మంది ఉంటారు. తప్పకుండా రాయండి. కానీ నన్ను పోషించాలి, నాకు కనీస వసతులు చూడాలి అన్న షరతు ఆ దస్తావేజులోనే రాయించండి. 2007 తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టంలో 23వ సెక్షన్ ఉంది. షరతు తప్పితే ఆ దస్తావేజును రద్దు చేయమని ఆర్డీవో దగ్గరి ట్రిబ్యునల్‌ను అడగవచ్చు. మా అబ్బాయి అలాంటివాడు కాడంటారా? ఆ పెద్దావిడ ఇప్పటికీ అదే అంటోంది.

సమయం అయిపోయిందని చీటీ వచ్చింది. రెండు పనులు అడిగి దిగిపోతాను. మొదటిది, 2027 జనగణనలో కూడా పోయినసారిలాగే ఒక రాత్రి ఇల్లు లేనివారిని లెక్కపెడితే, ఆ రాత్రి గణకులతో తిరగడానికి మన వీధి నుంచి ఇద్దరు కావాలి. ఎవరు ఎక్కడ పడుకుంటారో వాళ్లకంటే మనకే బాగా తెలుసు, వినతిపత్రంలో పటం గీసి మరీ ఇచ్చాం కదా.

రెండోది మాస్టరు ఆధార్. చిరునామా రుజువుగా కార్పొరేటరు గానీ గెజిటెడ్ అధికారి గానీ నిర్ణీత ఫారం మీద సంతకం చేసి ఇవ్వవచ్చు. కార్పొరేటరుగారు భోజనాల వేళకు వస్తున్నారని విన్నాను. మీ అబ్బాయిలు, కోడళ్లలోనూ గెజిటెడ్ హోదాలో ఉన్నవారు ఉన్నారు. కార్డు చేతికి వస్తే బ్యాంకు పుస్తకం, పింఛను దరఖాస్తు ఒక్కొక్కటిగా కదులుతాయి. అంతవరకు ఆయన ఇన్సులిన్ సీసా మూల మీది టీ కొట్టు ఫ్రిజ్‌లో, పాల పాకెట్ల పక్కన ఉంటుంది. ఆ కొట్టాయన ఒక్క రూపాయి కూడా తీసుకోలేదు. అక్కడ టీ తాగండి, బాగుంటుంది.

షుగర్ పరీక్ష చేయించుకునేవారు భోజనానికి ముందే ఎడమవైపు బల్ల దగ్గరకు రండి, తిన్నాక వచ్చి ఎక్కువ చూపిస్తోందని నాతో గొడవపడవద్దు. ఫారం కూడా అదే బల్ల మీద ఉంటుంది, పెన్నుతో సహా.