ఫాంటసీ క్రికెట్‌కు బ్రేక్ వేసిన చట్టం: విజయవాడ నుంచి రివ్యూ

అందరికీ నమస్కారం. ఈసారి నేను రివ్యూ చేస్తున్నది యాప్ కాదు, ఒక చట్టం. డబ్బు కట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూ 2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం. అందులో ఫాంటసీ క్రికెట్ కూడా ఉంది, అంటే నిజం మ్యాచ్‌లోని ఆటగాళ్లతో మన జట్టు కట్టి, వాళ్ల ఆటకు వచ్చే పాయింట్లతో పోటీ పడటం. అది రాగానే కంపెనీలు డబ్బు కాంటెస్టులు ఆపేశాయి. జట్టు స్పాన్సర్‌గా ఉన్న ఫాంటసీ యాప్ డ్రీమ్ 11 తప్పుకోవడంతో భారత జట్టు స్పాన్సర్ పేరు లేని జెర్సీతో ఆసియా కప్ ఆడింది.

"ఇది జూదం కాదు, నైపుణ్యం" అన్న వాదన వింటే నాకు కోపం వస్తుంది. నిజమే, కోర్టులు ఒప్పుకున్న మాటే అది, అయినా నా కోపానికి కారణం ఉంది. రమ్మీలో నైపుణ్యమే ప్రధానమని 1968లో సుప్రీంకోర్టు చెప్పిన కేసు మన ఉమ్మడి రాష్ట్రం నుంచి వెళ్లిందే. 2017లో పంజాబ్, హర్యానా హైకోర్టు ఫాంటసీ ఆటలోనూ నైపుణ్యమే ప్రధానమంది.

ఇక డబ్బు లెక్క చూడండి. వంద మంది తలా 50 రూపాయలు కడితే 5,000. కంపెనీ 15 శాతం ఉంచుకుందనుకుందాం, పంచేది 4,250. ఎవరు గెలిచినా ఆ వంద మంది కలిసి 750 పోగొట్టుకున్నట్టే. దానికి తోడు అప్పట్లో జమ చేసే డబ్బుపై 2023 అక్టోబరు నుంచి 28 శాతం జీఎస్‌టీ, నికరంగా గెలిచిన దానిపై 30 శాతం టీడీఎస్ (చేతికి రాకముందే కోసే పన్ను) ఉండేవి.

పాచికల ఆటలో కొత్తవాడికీ పాతవాడికీ ఒకటే అవకాశం. నైపుణ్యం ఉన్న ఆటలో అదీ ఉండదు. ఆటోనగర్‌లో పని ముగించుకుని, టాస్ వేళకు హడావిడిగా జట్టు కట్టి, అభిమాన ఆటగాడిని కెప్టెన్‌గా పెట్టే కుర్రాడు ఎవరితో తలపడుతున్నాడు? గణాంకాలు ముందేసుకుని ఒకే మ్యాచ్‌కు పదుల జట్లు దించేవాడితో. ఏ నైపుణ్యం పేరుతో ఆటకు అనుమతి దొరికిందో, ఆ నైపుణ్యమే ఈ కుర్రాడి జేబు ఖాళీ చేస్తుంది.

అందుకే ఈ చట్టంలో నాకు బాగా నచ్చింది నైపుణ్యమా, అదృష్టమా అన్న ప్రశ్ననే పక్కన పెట్టడం. ఆట నడిపితే మూడేళ్ల వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా. ప్రకటనలకు, బ్యాంకు చెల్లింపులకు కూడా నిషేధం. సంక్రాంతి కోడిపందేలు ఏడాదికి మూడు రోజులు. ఫోనులో పందెం ఐపీఎల్ నడిచినన్నాళ్లూ ప్రతి సాయంత్రం ఉండేది.

చేతికి నగదు తీసుకునే బుకీలను మాత్రం ఈ చట్టం తాకదు. వాళ్లను పట్టుకోవాల్సింది స్థానిక పోలీసులే. విదేశీ సైట్ల లింకులు పంపేవాళ్లూ ఉన్నారు, వాటికి డబ్బు కట్టకండి. మోసపోతే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

ఒక్క విషయంలో నాకు తీవ్ర అభ్యంతరం ఉంది. కేంద్ర చట్టం ఆడినవాడిని శిక్షించదు. మన రాష్ట్రం 1974 నాటి గేమింగ్ చట్టాన్ని 2020లో సవరించినప్పుడు మాత్రం, ఆడుతూ దొరికినవాడికీ ఆరు నెలల వరకు జైలు పెట్టింది. జైలు భయం ఉన్నవాడు పోలీసుల దగ్గరకు వెళ్లి తన గోడు ఎలా చెప్పుకుంటాడు? ఆ నిబంధనను శాసనసభ వెంటనే తొలగించాలి.