జపాన్‌లో పాప పుట్టాక వార్డు ఆఫీసు మనకి ఏం చేస్తుంది?

నమస్తే అండీ, ఎలా ఉన్నారు? ఈరోజు ఫుడ్డూ లేదు, షాపింగూ లేదు. ఇప్పుడు నేను నడుస్తున్నది నిషి-కసాయ్ స్టేషన్ వెనక రోడ్డు. టోక్యోలో ఎడోగావా వార్డు, మన ఇండియన్స్ బాగా ఎక్కువగా ఉండే ఏరియా. ఇక్కడ మనవాళ్లలో చాలామందికి వార్డు ఆఫీసంటే అడ్రస్ మార్చుకునే చోటు, ట్యాక్స్ కాగితాలు పంపే చోటు, అంతే. కానీ చంటిపిల్లలున్న ఇంటికి ఇక్కడ గవర్నమెంట్ అంటే ఆ ఆఫీసే.

ప్రెగ్నెన్సీ అని తెలిశాక వార్డులో రిజిస్టర్ చేసుకుంటే బోషి టెచో ఇస్తారు. తల్లీబిడ్డల హెల్త్ పుస్తకం, 1948 నుంచీ ఇస్తున్నారట. ఇంగ్లిష్‌లో కూడా ఉంటుంది, అడగండి, అడక్కపోతే జపనీస్‌దే చేతిలో పెట్టేస్తారు. దాంతోపాటు చెకప్ కూపన్లు, గుట్టెడు కరపత్రాలు. ఆ గుట్టలో ఒక పోస్ట్‌కార్డు ఉంటుంది చూడండి, దాన్ని మాత్రం పారేయకండి. పాప పుట్టాక అది నింపి పంపిస్తే హెల్త్ సెంటర్ వాళ్లు ఫోన్ చేసి, టైమ్ అడిగి మరీ ఇంటికొస్తారు.

నాలుగు నెలల్లోపు పసిపిల్లలున్న ప్రతి ఇంటికీ వెళ్లడం ఇక్కడ దేశమంతా ఉన్న పద్ధతే. మనవాళ్లకి మాత్రం ఆ ఫోన్ రాగానే టెన్షన్. ఇల్లు చూసి ఏమన్నా రాసుకుంటారేమో, వీసాకి ఎఫెక్ట్ అవుతుందేమో అని. మా అమ్మయితే ముందురోజే ఇల్లంతా సర్దేసి, ఉయ్యాల కడదామని ఏలూరు నుంచి తెచ్చుకున్న పాత చీర కూడా బీరువాలో దాచేసింది. వచ్చిన హోకెన్షి, అంటే మన దగ్గర ఏఎన్ఎం లాంటి ఆవిడ, బ్యాగులోంచి చిన్న తూకం మిషన్ తీసి, మమ్మల్నే ఒక టవల్ అడిగి దాని మీద పరిచి, పాప బట్టలన్నీ విప్పించి తూచింది. ఆ బరువులోంచి హాస్పిటల్ నుంచి వచ్చిన రోజు బరువు తీసేసి, రోజుకి ఎన్ని గ్రాములు పెరిగిందో లెక్క కట్టి బోషి టెచోలో రాసింది. అమ్మ నూనె మసాజ్ గురించి సైగలతో చెప్తుంటే ఆవిడ నిజంగానే ఆసక్తిగా చూసింది లెండి.

తర్వాత నా చేతికో కాగితం ఇచ్చింది, ఇంగ్లిష్‌దే. ఎడిన్‌బరో స్కేల్ అంటారు, పది ప్రశ్నలు, ఒక్కటి కూడా పాప గురించి కాదు. ఈ వారం రోజుల్లో మనసారా నవ్వానా, కారణం లేకుండా భయమేసిందా, దిగులుతో నిద్ర పట్టట్లేదా, ఇలాంటివి. పక్కన భర్తో అత్తగారో కూర్చుని ఉంటే మన ఆడవాళ్లు దీనికి ఏం రాస్తారో మీకు చెప్పక్కర్లేదు, అన్నీ బాగున్నాయని టిక్కులు పెట్టేసి పెన్ను ఇచ్చేస్తారు. ఆవిడ ఏం గమనించిందో మరి, పాపని ఎత్తుకుని కాసేపు పక్క గదిలో తిప్పమని మావారికి చెప్పింది, అమ్మ కూడా వెనకే వెళ్లింది. అప్పుడు నిజం రాశాను. ఆవిడ జాలిపడలేదు, ఉపన్యాసం ఇవ్వలేదు, ఇంట్లో వంట ఎవరు చేస్తున్నారు, మీ అమ్మగారు ఎప్పుడు వెళ్లిపోతారు అని అడిగింది.

అసలు పాయింటు అదేనండీ. పురుటికి వచ్చే అమ్మానాన్నలకి విజిటర్ వీసా మహా అయితే 90 రోజులు. వాళ్లు ఫ్లైట్ ఎక్కాక మావారు ఆఫీసుకెళ్తే నేనూ పాపా నాలుగు గోడలూ. వార్డులో సాంగో కేర్ అని ఉంటుంది, ఏడాదిలోపు బిడ్డ ఉన్న తల్లి పగటిపూటో, రాత్రి కూడానో వెళ్లి ఉండి రెస్ట్ తీసుకోవచ్చు, మంత్రసానులు చూసుకుంటారు, ఖర్చులో ఎక్కువ భాగం వార్డే భరిస్తుంది. డిపెండెంట్ వీసా మీద ఇంట్లో ఉన్నవాళ్లకి హోయికుఎన్‌లో, అంటే పిల్లల్ని పగలు చూసుకునే క్రెష్‌లో, సీటు రావడం కష్టం, ఎందుకంటే ఉద్యోగం చేస్తున్న గంటల్ని బట్టి పాయింట్లు వేస్తారు. ఇంట్లో తల్లి చేసే చాకిరీకి పాయింట్లు లేవు మరి, ఇది నాకు అస్సలు నచ్చదు. కానీ ఇచిజి అజుకారి అని గంటల లెక్కన పాపని వదిలే ఏర్పాటు ఉంది, దానికి ఉద్యోగం అక్కర్లేదు, డెంటిస్ట్ దగ్గరికి వెళ్లాలన్నా చాలు.

డబ్బు సంగతి. జిదో తెఆతె అంటే పిల్లల అలవెన్సు, మూడేళ్లు నిండేదాకా నెలకి 15,000 యెన్లు, తర్వాత 10,000, మూడో బిడ్డకైతే 30,000. 2024 అక్టోబర్ నుంచి జీతం లిమిట్ కూడా తీసేశారు. ఫారినర్స్‌కి రాదనుకోకండి, ఇక్కడ రెసిడెంట్‌గా రిజిస్టర్ అయితే వస్తుంది. పుట్టిన 14 రోజుల్లో బర్త్ రిజిస్ట్రేషన్, 15 రోజుల్లో ఈ అప్లికేషన్, 30 రోజుల్లో ఇమ్మిగ్రేషన్‌లో పాప వీసా. అలవెన్సు లేటుగా అప్లై చేస్తే పోయిన నెలల డబ్బు తిరిగి ఇవ్వరు. పుట్టింట్లో పురుడు పోసుకుని తర్వాత పాపని తెచ్చుకునేవాళ్లు, వచ్చి అడ్రస్ రిజిస్టర్ చేసిన రోజే ఇదీ పెట్టేయండి, పక్క కౌంటరే.

ఇక అందరూ భయపడే 189 నంబర్. పిల్లల్ని కొడుతున్నారనో, సరిగ్గా చూడట్లేదనో అనుమానం వస్తే ఎవరైనా పేరు చెప్పకుండా చేయొచ్చు. 2020 ఏప్రిల్ నుంచి కన్నవాళ్లు కొట్టడం కూడా చట్టం ప్రకారం తప్పే, కాబట్టి "రెండు తగిలిస్తేనే దారికొస్తారు" అనే మన మాట ఇక్కడ కుదరదు, ఇంటిదగ్గరా కుదరకూడదు అనుకోండి. కాల్ వస్తే 48 గంటల్లోపు బిడ్డని కళ్లారా చూడాలన్నది పిల్లల సంక్షేమ కేంద్రం వాళ్ల రూలు. మా బిల్డింగులో ఒకళ్లింటికి ఇలాగే వచ్చారు, రాత్రిళ్లు కడుపునొప్పితో బాబు ఏడుస్తుంటే ఎవరో ఫోన్ చేశారట. వాళ్లు హడలిపోయి లోపలే ఉండిపోయారు, దాంతో మళ్లీ మళ్లీ వచ్చారు. తలుపు తీసి బాబుని చూపించాక పని తేలిగ్గానే అయిపోయింది. అదే 189కి మనమే చేసి "నాకు చిరాకు ఆగట్లేదు, చేయి లేస్తోంది" అని కూడా చెప్పొచ్చు, ఫోన్ ఫ్రీ.