ఛార్జిషీటు పడ్డాక కోర్టులో జరిగేది

శ్రోతలకు నమస్కారం.

“ఛార్జిషీటు పడింది, ఇంకేముంది, అయిపోయింది” అనేస్తుంటారు ఊళ్లో. అవదు. ఛార్జిషీటు పోలీసుల మాట మాత్రమే. దాని మీద విచారణ నడపాలా, నడిపితే ఏ నేరానికి నడపాలి అన్నది తేల్చాల్సింది జడ్జి. ఆ పనినే అభియోగాల నమోదు అంటారు. కోర్టు వరండాలో అయితే “ఛార్జెస్ ఫ్రేమ్ అయ్యాయా?” అని అడుగుతారు.

గట్టు తగాదాలో ఇద్దరు రైతులు కొట్టుకున్నారనుకుందాం. కర్ర దెబ్బకు ఒకాయన చనిపోయాడు. పోలీసులు భారతీయ న్యాయ సంహిత 103 సెక్షన్ కింద హత్య అని రాశారు. కేసు సెషన్స్ కోర్టుకు కమిట్ అయింది, అంటే మేజిస్ట్రేటు దాన్ని అక్కడికి పంపారు. ముందు పబ్లిక్ ప్రాసిక్యూటర్ తన దగ్గర ఏ సాక్ష్యాలున్నాయో చెబుతారు. కేసులో పస లేదనుకుంటే ముద్దాయి తరఫు లాయరు, కమిట్ అయిన 60 రోజుల్లోగా డిశ్చార్జి పిటిషన్, అంటే విచారణ లేకుండానే ముద్దాయిని వదిలేయమనే అర్జీ, వేయవచ్చు.

ఈ దశలో సాక్షులెవరూ బోనెక్కరు. జడ్జి పోలీసుల కాగితాలే చూస్తారు. “ఆ రోజు నేను ఊళ్లోనే లేను, ఇదిగో బస్సు టికెట్” అని ముద్దాయి చూపించినా, అది తర్వాత విచారణలో తేలాల్సిందే. 2004లో సుప్రీంకోర్టు ఈ సంగతి స్పష్టం చేసింది. అలాగని వచ్చిన కాగితాల మీద ముద్ర కొట్టి పంపడానికి జడ్జి పోస్టాఫీసు కాదని అంతకు చాలాముందే చెప్పింది కూడా అదే కోర్టు. బలమైన అనుమానం ఉంటే ఛార్జి, లేకపోతే డిశ్చార్జి. మన కేసులో చంపాలన్న ఉద్దేశం కనబడకపోతే 103 తీసేసి, హత్య కిందికి రాని ప్రాణహానికి వర్తించే 105 పెట్టవచ్చు.

ఇక ఆ వాయిదా రోజు. ఫలానా తేదీన, ఫలానా పొలం దగ్గర, ఫలానా వ్యక్తిని కర్రతో కొట్టావు, అది ఫలానా సెక్షన్ కింద నేరం అని ముద్దాయికి చదివి, అర్థమయ్యేలా చెప్పాలి. తర్వాత ప్రశ్న: “నేరం ఒప్పుకుంటావా, విచారణ కోరుకుంటావా?” చాలామంది ఇక్కడ టెన్షన్‌లో అర్థం కాకపోయినా తలూపేస్తారు. అది ప్రమాదం. ఒప్పుకుంటే అక్కడికక్కడే దోషిగా తేల్చే అధికారం జడ్జికి ఉంది. అర్థం కాకపోతే “మళ్లీ చెప్పండి సార్” అనడంలో తప్పేమీ లేదు.

చిన్న కేసుల్లో ఇంత తంతు ఉండదు, ఆరోపణ ఏమిటో చెప్పి అడిగేస్తారు.

ఛార్జి ఒకసారి రాశాక మారదనీ అనుకోవద్దు. తీర్పు చెప్పేలోపు ఎప్పుడైనా మార్చవచ్చు, మార్చిందీ చదివి వినిపించాలి. హత్య ఛార్జి మీద 105 కింద శిక్ష వేయవచ్చు గానీ, 105 ఛార్జి మీద హత్యకు శిక్ష వేయకూడదు. విచారణ మధ్యలో 105 కాస్తా 103 అయితే, అప్పటికే చెప్పి వెళ్లిన సాక్షులను మళ్లీ పిలిపించమని అడిగే హక్కు ముద్దాయికి ఉంటుంది. ఆ పని ఆ వాయిదాలోనే చేయించమని మీ లాయరుకు గుర్తు చేయండి.